పెరటి చెత్త పద్యము: సమ్మార్జనీ వ్యాఖ్యానము

అవతారిక

విశాఖపట్టణమున సీతమ్మధార ప్రాంతమందొక వీథిమలుపున, విద్యుత్ స్తంభమునకు ఇనుపతీగతో బిగింపబడి, పసుపుపచ్చని రేకుపై నీలిరంగుతో వ్రాయబడియున్న యీ ఆటవెలదికి ఇంతవరకు టీక వెలువడినట్లు కానరాదు. ప్రబంధములకు వావిళ్ళవారును, శతకములకు ఊరూరి ముద్రాపకులును టీకాతాత్పర్యములు కూర్పించి ప్రకటించిన యీ దేశమున, పెరడుగల ప్రతి గృహస్థునకు ఏటేట అక్కరకు వచ్చు పద్యము మాత్రము వ్యాఖ్యాతకు నోచుకొనక ఎండకు వెలిసి వానకు తుప్పుపట్టుచుండుట సాహిత్యలోకమునకు శోభ కాదని తలచి యీ పనికి పూనుకొంటిని. కాళిదాస కావ్యములను వ్యాఖ్యానించిన కోలాచల మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు అక్కరలేనిది పలుకననియు ప్రతినపట్టెను. ఆ ప్రతిన నాకు చెల్లదు. ఏలన, ఈ కవి చెప్పవలసినవానిలో మిక్కిలి ముఖ్యమైనదానిని చెప్పక దాటవేసెను గనుక, మూలమున లేనిదే ఇచ్చట విస్తరించి చర్చింపబడును.

మూలము

ఆ. మట్ట కొమ్మ యాకు మరియును ముండ్లును
పెరటి చెత్త యెల్లఁ బేర్చి యెత్తి
బండి కెక్కఁ జేసి బయటికిఁ గొనిపోవఁ
బడును చౌక ధరకుఁ బలుకరింపు.

ప్రతిపదార్థము

మట్ట = కొబ్బరిచెట్టున ఎండి రాలిన మట్టయు; కొమ్మ = నరికినదో విరిగినదో యగు కొమ్మయు; ఆకు = రాలిన ఆకును; మరియును = ఇంకను; ముండ్లును = ముండ్లతీగలును; పెరటి చెత్త ఎల్లన్ = పెరటియందలి చెత్తనంతయు; పేర్చి = ఒద్దికగా అమర్చి; ఎత్తి = పైకెత్తి; బండికి ఎక్కన్ చేసి = బండిమీదికి ఎక్కించి; చౌక ధరకున్ = స్వల్పమైన రొక్కమునకు (క్రింద విచారింపబడును); బయటికిన్ = వెలుపలికి (ఇదియు నట్లే); కొనిపోవఁబడును = తీసుకొనిపోబడును; పలుకరింపు = ఓ గృహస్థా! ఫోను చేయుము.

తాత్పర్యము

నీ పెరటిలో ఏది పేరుకొన్నను మేము బండిలో వేసి తీసుకొనిపోవుదుము, డబ్బు ఎక్కువ కాదు, పిలువుము.

వ్యాఖ్య

మట్ట: చెత్తలన్నిటిలో దీనిని మొదట నిలుపుట కవికిగల లోకజ్ఞతను తెలుపుచున్నది. కొబ్బరిచెట్టు ఏడాదికి పన్నెండు మొదలు పదునాలుగు వరకు మట్టలను విడుచును. అనగా నెలకొక్కటి తప్పదు. నాలుగు చెట్లున్న పెరటికి వారమునకొక మట్ట లెక్క. ఒక్కొక్క మట్ట నాలుగు మొదలు ఆరు మీటర్ల వరకు పొడవుండుటచే, అది చెత్తబుట్టలో ఇమడదు, తలుపుచాటున నిలువదు, ఉదయమున ఈల వేయుచు వచ్చు నగరపాలకవారి బండిలోని తడిచెత్త గదిలో పట్టదు, పొడిచెత్త గదిలో అసలే పట్టదు. పూర్వమిది చెత్త కాదు. ఆకు చీల్చి ఈనెలు తీసి చీపురు కట్టిరి. పచ్చియాకు అల్లి దడికిని స్నానపుగది మరుగునకును వాడిరి. లావుపాటి మట్టమొదలు ఎండబెట్టి నీళ్ళపొయ్యిలో పెట్టిరి. కోనసీమలో నేటికిని ఈనెలకు బేరము కలదు. తక్కినచోట్ల పొయ్యి పోయినపుడే మట్టకు కొలువు పోయినది. 1999లో మన రాష్ట్రప్రభుత్వము దీపం పథకమున బీదస్త్రీలకు గ్యాసు కనెక్షన్లిచ్చి పొగనుండి వారి కన్నులను కాపాడిన మాట నిజము. పట్టణపు మధ్యతరగతివారు అంతకుముందే గ్యాసునకును, పిదప గీజరునకును మరలియుండిరి. ఇట్లు కట్టెలమోపు కొనువారును, ఊరకయే ఏరుకొనిపోవువారును లేక మట్ట పెరటిగోడ కానుకొని కూర్చుండగా, దానిని పంపివేయుటకు కూలి ఇచ్చు కాలము వచ్చినది. వెనుకటి తరమున పక్కింటి అవ్వ వచ్చి "ఆ మట్టలు మాకిత్తురా అమ్మా" యని అడిగి, ఇచ్చినందుకు దీవించి పోయెడిది. ఆ దీవెనకును నేటి కూలికిని మధ్యగల దూరమును ఆర్థికశాస్త్రజ్ఞులు గణింపవలెను.

కొమ్మ: ఇది రెండువిధములు. తనకు తాను విరిగినది యొకటి, విద్యుచ్ఛాఖవారు విరిచినది యొకటి. శాఖవారు శాఖలను ఖండించుట యమకాలంకారమునకు చక్కని లక్ష్యమేగాని, ఖండించిన శాఖలను తీగలక్రింద మన గేటుకడ్డముగా విడిచి నిచ్చెన మోసుకొని వారు తరలిపోవుటలో అలంకారమేదియు కానరాదు. చెట్టునే మొదలంట కొట్టదలచినచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము (జనులు దీనిని వాల్టా యందురు) అనుమతి కోరుచున్నది. మన కవి చెట్టు మాట యెత్తక కొమ్మతో ఆపుట చట్టభీతిచేతనే యని నా యభిప్రాయము.

ముండ్లును: నిమ్మ, గులాబి, కాగితపుపూల తీగ మున్నగునవి. ఈ చివరిది దక్షిణ అమెరికా ఖండమునుండి వచ్చి, ఫ్రెంచి నావికుడొకని పేరు ధరించి, మన ప్రహరీగోడలనెక్కినది. ఇది పూచునపుడు ఇంటివారికి చెందును, నరకబడినపుడు కూలివారి చేతులకు చెందును. బేరములో దీనికి వేరు లెక్క యుండుట న్యాయమే.

పెరటి చెత్త యెల్ల: "యెల్ల" శబ్దమున గృహస్థునకును బండివానికిని నిత్యవివాదము. పెరడు శుభ్రపరచు సందడిలో, పగిలిన సింకును, స్నానపుగది మార్చినపుడు మిగిలిన పింగాణీపెంకులను, సగము గట్టిపడిన సిమెంటుబస్తాను ఆకులక్రింద దాచి బండికెక్కింపవలెనని ప్రతి గృహస్థుని కోరిక. బండివాడు బస్తాను ఒక్కసారి కాలితో తన్ని చూచును. ధ్వనినిబట్టి అర్థము గ్రహించుటలో ఆనందవర్ధనునికి తీసిపోడు. "ఇది రబ్బిష్ బాబూ, సెత్త కాదు" అని వాడు చేయు విభాగము శాస్త్రసమ్మతమే. కట్టడముల శిథిలములకు 2016లో కేంద్రప్రభుత్వము వేరు నియమావళినే ప్రకటించియున్నది. కావున "పెరటి" యను విశేషణము వ్యర్థపదము కాదనియు, "యెల్ల" యను పదమును సంకోచపరచుటకే కవి దానిని ప్రయోగించెననియు గ్రహింపవలెను.

పేర్చి: ఈ పద్యమునకు ప్రాణము ఈ రెండక్షరములలో నున్నది. 2005లో టాటావారు విడుదల చేసిన ఏస్ బండియు దాని సంతతియు ముప్పాతిక టన్ను మోయజాలునని చెప్పుదురు గాని, ఆకులును కొమ్మలును బరువుచే గాక పరిమాణముచే బండిని నింపును గనుక ఆ సంఖ్య ఇచ్చట నిష్ప్రయోజనము. ఎరిగినవారు చేయు పని యిది. మొదట లావుపాటి మట్టలను బండి చుట్టును నిలువుగా గ్రుచ్చి, తొట్టి యంచును మరియొక నిలువెత్తున పెంచుదురు. ఆ దడిలోపల కొమ్మలను మొదళ్ళు వెలుపలికి వచ్చునట్లు అడ్డముగా పరచి, నడుమ ఆకుల గోనెలను దిగవేయుదురు. ఒకడు పైకెక్కి త్రొక్కుచుండగా, క్రిందివారు అందించుచుందురు. కడపట మోకు వేసి ఇద్దరు ఇరువైపుల లాగి బిగింతురు. ఇట్లు పేర్చిన బండి వీథిలో పోవునపుడు బండి కనబడదు, పెరడే నడచిపోవుచున్నట్లుండును.

ఇచ్చట నొక రహస్యము కలదు. అదే కుప్ప ఒక బండికి సరిపోవుటయు, రెండు బండ్లను కోరుటయు కుప్పలో లేదు, బేరములో నున్నది. ట్రిప్పు లెక్కన ఒప్పుకొన్నచో మట్టలు నిలువవు, త్రొక్కువాడు బండి యెక్కడు, కొమ్మలు ఎట్లు పడిన నట్లే యుండును, రెండవ ట్రిప్పు ధర్మబద్ధముగా తోచును. పనియంతకు గుత్తకు మాటలాడినచో అదే బండిలో అదే మనుజులు కుప్పనంతయు సర్ది, ఊడ్చిన ఆకులను గూడ పైన చల్లి, ఒక్కమారుతో ముగింతురు. అందుచేత "పేర్చి" యను క్త్వార్థకము గుత్తబేరమునందే అన్వయించుననియు, ట్రిప్పు బేరమునందు "ఎత్తి" యనునంతవరకే అన్వయించుననియు నా సిద్ధాంతము.

బయటికి: కవి దాటవేసినది ఇదియే. దేని బయటికి? ఎంత దూరము బయటికి? ఈ విషయమున మూడు మతములు కలవు. భీమిలి దారిలో కాపులుప్పాడ యందు నగరపాలకవారి డంపింగు యార్డు కలదు గదా, అచ్చటికే యని కొందరు. ఇది వేదాంతుల మతము. దూరమును, డీసెలు వెలను, బండివాడు సాయంకాలమునకు మరియొక పెరడు ఒప్పుకొనియుండుటను వారు గణింపలేదు. యజమాని అమెరికాలో నుండి ఏడాదికొకమారు ఛాయాచిత్రమున చూచుకొను ఖాళీస్థలమునకే యని రెండవవారు. ఊరిచివరి గెడ్డ గట్టునకని మూడవవారు. వానకాలమున గెడ్డ పొంగి వీథిలోనికి వచ్చినపుడు, తమ పెరటి మామిడికొమ్మ తమ్ము వెదకుకొనుచు వచ్చుటను చూచినవారు వీరు.

శాస్త్రమేమనుచున్నదో చూతము. 2016 నాటి ఘనవ్యర్థముల నియమావళి, తోటచెత్తను గృహస్థుడు తన ఆవరణలోనే వేరుగా నిలువచేసి, స్థానికసంస్థ ఆదేశించిన తీరున వదిలించుకొనవలెననియు, వీథిలోనో కాలువలోనో వేయరాదనియు, కాల్చరాదనియు శాసించినది. ఆ యేటి డిసెంబరులోనే జాతీయ హరిత ట్రైబ్యునలువారు బహిరంగముగా చెత్త కాల్చినవానికి 5000 రూపాయలును, పెద్దయెత్తున కాల్చినచో 25000 రూపాయలును పరిహారముగా విధించిరి. శాసనము ఇంత స్పష్టముగా నుండగా, ఏ సాయంకాలమునందైనను నగరపు అంచున ఎండుటాకుల పొగ వాసన ఎట్లు వచ్చుచున్నదో తార్కికులు చెప్పవలెను. పొగనుబట్టి నిప్పును ఊహించుట వారికి కొత్త కాదు.

మరి పెరటిమూలనే గుంట త్రవ్వి ఆకు నింపి, పేడనీళ్ళు చల్లి, మన్ను కప్పినచో కొన్ని నెలలకు ఎరువగును గదా, బండియేల యని పూర్వపక్షము. ఆకునకిది ఒప్పును, మెత్తని రెమ్మకును ఒప్పును. మట్టకును ముంటికిని చెల్లదు. అదియుగాక, గుంటకు చోటుగల పెరడు నేడు అపార్టుమెంటుగా మారుటకు ఒప్పందము వ్రాసికొనియున్నది.

బండివానినే అడుగరాదా యని సహృదయులకు తోచును. ఎక్కడ పోయుదువయ్యా యని అడిగితిని. "మీకెందుకు బాబూ, మేం సూసుకుంతాం గదా" అని వాడు పలికిన వాక్యము మూలముకంటె ప్రౌఢమైనది. నేను మరల అడుగలేదు. అడిగినచో బేరము పెరుగును. కాపులుప్పాడవరకు పోయి పోయవలెనని పట్టుపట్టి, దానికి తగినంత హెచ్చు ఇచ్చిన గృహస్థుని నేను చూడలేదు. పట్టుపట్టుటలో నన్ను నేనును చూడలేదు. కావున "బయట" యనగా "ఇంటి యజమానునికి కనబడని చోటు" అనియే లోకవ్యవహారమున రూఢి యైనది, కవి లోకవ్యవహారమునే అనుసరించెను.

ఈ పదమునకు ఒక్కసారి మాత్రము అర్థము చెడినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును దాటినపుడు ఇంటిచెట్లు వీథిలోను, వీథిచెట్లు ఇండ్లలోను పడి, ఏది లోపల ఏది బయట యని నిర్ణయించుటకు వీలులేక, ఊరంతయు ఒకే పెరడైపోయెను. అప్పుడు బండివానికి ఫోను చేసినవారు లేరు, ఫోనులు మ్రోగలేదు. గొడ్డలియున్న ఇంటివాడే ఆనాడు వీథికి పెద్ద.

కొనిపోవఁబడును: కర్మణి ప్రయోగము. కర్త చెప్పబడలేదు. తెలుగున ఈ ప్రయోగమునకు ప్రకటనలయందు తప్ప మరియెచ్చటను ఆదరము లేదు. లోపించిన కర్తలను నేను పూరించుచున్నాను: కొమ్మలు నరుకువా డొకడు, మోయువా డొకడు, బండి తోలువా డొకడు, వంగి ఆకు ఊడ్చి గోనెలకెత్తునది ఒక స్త్రీ. పని ముగియువరకు నడుము ఎత్తనిది ఆమెయే, కూలి తక్కువ వచ్చునదియు ఆమెకే. ఇది అన్యాయమని వ్రాయుట వ్యాఖ్యాత పరిధిని దాటినను వ్రాయుచున్నాను. ఇక "కొని" యను దానికి "వెలయిచ్చి" యను అర్థము గూడ కలదు గదా యని కొందరు. దుంగల విషయమున అది పొసగును. వేపదుంగయో మామిడిదుంగయో యున్నచో బండి మొదట కట్టెల అడితివైపే తిరుగును. దుంగలను మేము ఉంచుకొందుమని యజమాని యన్నచో "చౌక ధర" తత్క్షణమే చౌక కాకపోవుటనుబట్టి, మనము చెత్త యనుకొన్నదానిలో ఎంత భాగము చెత్త కాదో తెలిసికొనవచ్చును.

చౌక ధరకు: సాపేక్షము. బండివాడు 2500 అనును, గృహస్థుడు 1000 అనును, ఇరువురును కుప్పవైపు చూచెదరు. గృహస్థునకు కుప్ప చిన్నదిగాను, బండివానికి పెద్దదిగాను తోచును. ఇది దృష్టిభేదమేగాని అసత్యము కాదు. 1800 వద్ద కుప్ప ఇరువురకును ఒకే పరిమాణమున కనబడును. టీనీళ్ళు ఇందులో చేరవు.

పలుకరింపు: ఏకవచనము. "పలుకరింపుడు" అని బహువచనముండవలెనని మర్యాదాపరులు. అట్లయిన అక్షరము మిగిలిపోవునని ఛాందసులు. రేకు వెడల్పు చాలలేదని చిత్రకారుడు. మూడవది గ్రాహ్యము.

పద్యము క్రింద పది యంకెలు కలవు. వీనిలో ఎనిమిదవ యంకె తుప్పుచే కొంత చెరిగినది. 3 అని కొందరు, 8 అని కొందరు చదువుచున్నారు. 3 అని చదివినచో పెదవాల్తేరులో పౌరోహిత్యము చేయు నొక పెద్దమనిషి పలుకును. ఆయన ఈ పొరపాటునకు అలవాటుపడి, మట్టలెన్ని, ముండ్లున్నవా, గేటు ఎంత వెడల్పు అని అడిగి, సరియైన యంకె తానే చెప్పుచున్నాడు. అందుచే 8 అను పాఠమే సంప్రదాయసిద్ధము.