చైనా సారు వచ్చిండు

జనగామ బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ చైనా సారు మొదలుపెడతాడు: "మా చైనాల కూరగాయలమ్మే ముసలామె సుత ఫోన్ మీదనే పైసలు తీసుకుంటది." ఆ మాట పూర్తి కాకముందే చాయ్ బండి మీది డబ్బా పదిహేను రూపాయలు అందాయని అరుస్తుంది. సారు క్షణం ఆగి, "అక్కడి రోడ్లు చూడాలె" అని దారి మళ్లిస్తాడు.

ఆయన చెప్పేది మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ. వినేది మన దేశం నుంచి ఎంబీబీఎస్‌కు పోయిన పిల్లలు. అంటే వరంగల్ పిల్లగానికి పాఠం చెప్పడానికి జనగామ సారు చైనా దాకా పోయాడన్నమాట. ఏడాదంతా తల్లితో మాట్లాడేందుకు దొంగదారి వెతుక్కుంటాడు. వాట్సాప్‌ను వాళ్లు ఆపారు, 2020 జూన్‌లో వీచాట్‌ను మనవాళ్లు ఆపారు. తల్లీకొడుకుల ముచ్చటకు రెండు సర్కార్లు అడ్డం.

అందుకే చలికాలం సెలవులు రాగానే పెళ్లాంపిల్లలతో దిగుతాడు. ఆ సెలవులు వాళ్ల కొత్త సంవత్సరానివి. అది చాలా ఏళ్లు మన మాఘమాసం మొదట్లోనే పడుతుంది. పదిహేనో రోజు వాళ్లకు దీపాల పండుగ, మనకు మాఘ పున్నమి. 2024 ఫిబ్రవరి 24న అక్కడ లాంతర్లు వెలిగాయి, ఇక్కడ మేడారం జాతరలో తల్లులు వనప్రవేశం చేశారు. సారు యాత్రామార్గం దీన్నిబట్టే: జనగామలో అమ్మ, మానుకోటలో అత్తగారు, భూపాలపల్లిలో అక్క, అక్కడి నుంచి జాతర.

మానుకోట పోయే రైలు కాజీపేటలో కదలకుండా నిలబడ్డప్పుడు సారుకు అసలు ఊపు వస్తుంది. "చైనా రైలు గంటకు 350 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోతే జనగామ నుంచి మానుకోటకు ఇరవై నిమిషాలు!" ఇంటికి చేరాక ఇదే మాట మళ్లీ చెబితే అత్తగారు నిదానంగా అడిగింది: "ఆగకపోతే మీరెట్ల దిగుదురు అల్లుడా?" భూపాలపల్లి అక్కది ఇంకో బాధ. "మా ఊరికి ముందు ఏదో ఒక రైలు రానియ్యి తమ్మీ, ఉరుకుడు సంగతి తర్వాత."

బామ్మర్ది మాత్రం బావను చైనా వ్యాపార మంత్రిగానే చూస్తాడు. మన తేజ రకం మిర్చికి చైనా పెద్ద గిరాకీ. అక్కడ కొనుగోలు తగ్గితే ఇక్కడి మార్కెట్‌లో ధర పడుతుంది. "బావా, ఈసారి మీ చైనోళ్లు ఎంతల కొంటరు? అమ్మాల్నా, కోల్డ్ స్టోరేజీల పెట్టాల్నా?" ఇన్నాళ్ల సెలవుల్లో ఎవరైనా అడిగిన పనికొచ్చే ప్రశ్న ఇదొక్కటే. సారుకు మిరపలో క్యాప్సైసిన్ నిర్మాణం తెలుసు గానీ క్వింటాలు ధర తెలియదు. "అక్కడి రోడ్లు..." అని అందుకుంటాడు.

అయితే ఇది సగం సారే. మిగతా సగం చైనాలో ఉంటాడు. అక్కడి స్టాఫ్ రూములో ఆయనంత తెలంగాణ భక్తుడు లేడు. జాతరకు కోటిమంది వస్తారని, తన బిడ్డ బరువుకు సరితూగే బంగారం దేవతలకు ఇచ్చానని చెబుతాడు. అది బెల్లమని చెప్పడు. వినేవాళ్లు ఆ పిల్ల బరువును మనసులో లెక్కగట్టి లేచి నిలబడతారు. డీన్‌గారి గదిలో పెంబర్తి ఇత్తడి బొమ్మ ఈయన ఇచ్చిందే.

తిరుగు ప్రయాణంలో రెండు పెట్టెల సకినాలు, ఒక పెట్టె కారం. మిర్చి మూటలకు మూటలు ఓడలెక్కి పోతున్న దేశానికే ఈ కారం విమానమెక్కి పోతుంది. "మన కారం మనదే" అంటుంది సారు భార్య. దానికి సారు దగ్గర కూడా జవాబు లేదు.

2026లో లెక్క తప్పింది. వాళ్లు 2025లోనే అధికమాసం వేసుకున్నారు, మనది 2026 వేసవికి గానీ రాలేదు. దాంతో జాతర జనవరి చివర, వాళ్ల పండుగ ఫిబ్రవరి 17న. 2028 మాఘంలో రెండూ మళ్లీ కలుస్తాయి. జనగామ, మానుకోట, భూపాలపల్లి బంధువులారా, ఆలోపు మిర్చి ధర మీరే కనుక్కోండి.