మూడో గ్లాసు

రో అండ్ కో సీసా మీద పేరు పాతది, లోపలి సరుకు కొత్తది. డబ్లిన్‌లోని థామస్ స్ట్రీట్‌లో 1757లో పీటర్ రో కొన్న చిన్న బట్టీ, మరో నూటపాతికేళ్లకు పదిహేడెకరాల కార్ఖానా అయి కూచుంది. ఐర్లండ్ మొత్తంలో అంత పెద్ద విస్కీ బట్టీ ఇంకోటి లేదు. ఆ వంశంలోని హెన్రీ రో వచ్చిన లాభాలతో క్రైస్ట్ చర్చ్ కెథడ్రల్‌ను బాగు చేయించాడు. మన దగ్గర సారా కాంట్రాక్టర్లు గుళ్లు కట్టించలేదా, అట్లాగే. ఏ దేశపు దేవుడూ చందా ఎక్కడిదని అడగడు. 1920ల్లో బట్టీ మూతపడింది. గాలిమర బురుజొకటి, దాని పక్కన బేరిచెట్టొకటి మిగిలాయి. ఒకప్పుడు ఆ బట్టీకి ఎదురుగా బీరు కాచిన గిన్నెస్ ఇప్పుడు డియాజియో కంపెనీ చేతిలో ఉంది. ఆ కంపెనీయే 2017లో రో పేరును మళ్లీ లేపింది.

ఇదంతా నాకు చెప్పింది మా మిత్రుడి మేనల్లుడు. డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. దసరాకు నల్గొండ జిల్లా మర్రిగూడ వచ్చి మామకు ఈ సీసా ఇచ్చాడు. అక్కడ ఇదేం రాజుల మందు కాదట, నెల జీతగాళ్లు కొనుక్కునేదే. మామ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి, నాతో పనిచేసినవాడు. అందుకని నాకూ పిలుపొచ్చింది.

అత్త గుడాల గిన్నె, ఉల్లిగడ్డ ముక్కలు తెచ్చి పెట్టింది. ఆమె నడుం వంగి చాలా ఏళ్లయింది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. పుట్టిల్లు మిర్యాలగూడ దిక్కు, కాలువ కింది ఊరు.

మామ అలవాటుగా సోడా అందుకోబోతే అల్లుడు చెయ్యి పట్టుకున్నాడు.

“ముందు వాసన చూడు మామా. తొందరపడకు.”

చూశాం. వెనిలా, బేరిపండు, కొంచెం తేనె అని అతను ఒక్కొక్కటీ చెప్తుంటే, చెప్పినవన్నీ నిజంగానే తగిలాయి. చెప్పకపోతే తగిలేవో లేదో. గుటక మాత్రం బాగుంది. మన సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది, దీని మీద 45. అయినా గొంతు కొయ్యలేదు. మన చవక విస్కీ చాలావరకు చెరకు మడ్డి స్పిరిట్‌తో తయారయ్యేదే. ఇది బార్లీ మాల్టు, ధాన్యపు విస్కీ కలిపిన బ్లెండు, బోర్బన్ పీపాల్లో నిలవున్నది. 106వ సారి కలిపిన పాళ్లు కుదిరాయని సీసా మీద ఆ అంకె కూడా వేశారట.

“బట్టీ మళ్ల ఎప్పుడు పెట్టిన్రు?” అన్నాడు మామ.

“2019లో. గిన్నెస్ వాళ్ల పాత పవర్‌హౌస్‌లో.”

“మందు 2017లనే వచ్చెనంటివి?”

“వేరే బట్టీల నుంచి తెచ్చి కలిపారు మామా. ఐరిష్ విస్కీ అనాలంటే మూడేళ్లన్నా పీపాలో ఉండాలి కదా.” కాస్త ఆగి, తనే ఇంకోటి చెప్పాడు. 1870ల చివర్లో, కలుపుడు విస్కీ అసలు విస్కీయే కాదని డబ్లిన్ బట్టీల వాళ్లు కలిసి ఒక పుస్తకం అచ్చేయించారట. వాళ్లలో ఈ బట్టీ నడిపిన జార్జి రో కంపెనీ ఒకటి. ఇప్పుడు అదే పేరుతో అమ్ముతున్నది కలుపుడు విస్కీ.

మామకు ఇది బ్రహ్మాండంగా నచ్చింది. “సరుకు ఒకలది, పేరు ఒకలది. మనకు గూడ ఉన్నదిరా గసొంటిది. పటిక, సున్నం ఏసి నీళ్లల్ల ఫ్లోరిన్ తీసే ఉపాయం నాగ్‌పూర్ నీరి సంస్థోళ్లది. పేరు నల్గొండ టెక్నిక్. ఆఫ్రికా దాంక పోయింది మన పేరు.”

“పేరుదేముంది మామా, లేబుల్ అబద్ధం చెప్తుంది. నాలుక చెప్పదు.” అంటూ అల్లుడు సంచిలోంచి నీళ్ల సీసా తీశాడు. రెండు చుక్కలు వేస్తే విస్కీ విచ్చుకుంటుందట. నల్లా నీళ్లు వద్దన్నాడు. బబుల్ నీళ్లూ వద్దన్నాడు. సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లు కావాలట, లేకపోతే రుచి చెడుతుందట. అందుకని ఎయిర్‌పోర్టులోనే ఖరీదైన సీసా కొనుక్కొచ్చాడు.

మామ లేచి లోపలికి వెళ్లాడు. వాకిట్లో కూడా ఏదో చప్పుడైంది. కాసేపటికి మూడు స్టీలు గ్లాసులతో వచ్చాడు.

“ఒక్కటి నీ సీసదే. ఒక్కటి నల్లాది. ఇంకోటి బోరింగుది. ఏది ఏందో నీ నాలికను చెప్పమను.”

అల్లుడు ఉల్లిగడ్డ నమలడం ఆపి, నోరు పుక్కిలించి, నిజమైన పరీక్షకు కూచున్నట్టే కూచున్నాడు. మొదటిది ముక్కు దగ్గర పెట్టుకోగానే, “క్లోరిన్. ఇది నల్లా,” అన్నాడు. నిజమే, భగీరథ నీళ్లు. కృష్ణ నుంచి వస్తాయి.

రెండోది తాగి మొహం చిట్లించాడు. “చప్పగా ఉంది. చివర్లో చేదు కూడా. మీ బోరింగు ఇదే.”

మూడోది ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. ఇంకో గుక్క తాగాడు. “ఇదీ నీళ్లంటే! మెత్తగా, తియ్యగా... ఇది నా సీసా. పందెం.” విస్కీలో రెండు చుక్కలు ఆ గ్లాసులోంచే వేసుకున్నాడు.

మామ నవ్వలేదు. “రెండోది నీ సీస. మూడోది వాకిట్ల ఎర్రరంగు పూసిన బోరింగుది.”

అల్లుడి చెయ్యి గాల్లోనే ఆగింది.

“తాగు, ఏం గాదు. ఒకటి రెండు గుక్కలకు ఏం గాదు. పొద్దుమాపు ఏండ్లకేండ్లు తాగితేనే.” పాత క్లాసు గొంతు వచ్చింది మామకు. “మన రాళ్లల్లనే ఉన్నది ఫ్లోరిన్. సున్నం తక్కువున్న నీళ్లల్ల ఇంకింత ఎక్కువ కరుగుతది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మా బోరింగు ఎప్పుడో దాటింది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నీళ్లు మాత్రం మెత్తగుంటయి. నువ్వడిగిన నీళ్లే.”

ఖాళీ గిన్నె తీసుకోవడానికొచ్చిన అత్త, అల్లుడి మొహం చూడటానికి మనిషంతా ఇటు తిరిగింది.

“నేను కాపురానికొచ్చిన కొత్తల నాకు గూడ గట్లనే తియ్యగుండె అల్లుడా.”