ఉప్పు చూసే గాజు గొట్టం

నేనొక గాజు గొట్టాన్ని. జానెడు పొడవు కూడా ఉండను. లోపల ప్లాటినం ఎలక్ట్రోడులుంటాయి. నిలువుగా తేలే ఆర్గో ఫ్లోట్ తలకు నన్ను బిగించి ఉత్తర బంగాళాఖాతంలో వదిలారు. చిన్న పంపు నాలోంచి నీటిని లాగుతుంటే అందులో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూడడం నా పని. పక్కనున్న పరికరాలు వేడినీ, పీడనాన్నీ చూస్తాయి. మూడు లెక్కలూ కలిస్తే నీటిలో ఉప్పెంతో తెలుస్తుంది.

మా ఫ్లోట్ వెయ్యి మీటర్ల లోతున ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, లోపలి నూనెను అడుగునున్న సంచిలోకి నెట్టి, ఆ ఉబ్బుతో గంటల తరబడి మెల్లగా పైకొస్తుంది. నేను ఎక్కువగా కొలిచేది అప్పుడే. పైకి రాగానే అంకెలు ఉపగ్రహం ద్వారా నేలకు చేరతాయి. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాటిని అందుకుని, సముద్రాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌కు ఇస్తుంది. ప్రపంచ సముద్రాల్లో మాలాంటివి దాదాపు 4000 ఉన్నాయి. 1952-53లో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తరఫున సముద్ర శాస్త్రవేత్త ఈ.సి. లాఫాండ్ బృందం ఇదే సముద్రాన్ని కొలిచినప్పుడు ఓడ వెళ్ళినచోటే లెక్క దొరికేది. వానాకాలంలో పోటెత్తే సముద్రంలో ఓడ నిలవడమే కష్టం.

అసలు చూడాల్సింది వానాకాలంలోనే. సముద్రంలో మామూలుగా కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఇక్కడ ఉత్తరపు కొసన, వర్షాలయ్యాక, పైనీటిలో 30 కూడా ఉండదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చిన మంచినీరు అది. జంషెడ్‌పూర్‌లో సిద్ధగోరా పేటకు దగ్గరగా పారే సువర్ణరేఖ వాటా కూడా అందులో ఉంది. ఆ నీరు పాల మీద మీగడలా పైనే నిలిచిపోతుంది.

ఎందుకు నిలుస్తుందో మోడల్‌కు తెలియాలంటే నా అంకె కావాలి. 28 డిగ్రీల నీటిలో కిలోకు ఒక గ్రాము ఉప్పు తగ్గితే, అది రెండు డిగ్రీలకు పైగా వేడెక్కినంత తేలికవుతుంది. బంగాళాఖాతంలో నీటి బరువును నడిపేది ఉప్పే. అయినా చాలాకాలం మోడల్‌లోకి వెళ్ళినవి ఎక్కువగా వేడి లెక్కలే. కొన్ని మోడల్స్‌లో వేడిని బట్టి పాత సగటు పట్టికల నుంచి ఉప్పును ఊహించేవారు. వేడి సరిచేసి ఉప్పును వదిలేస్తే బరువు తప్పుతుంది. బరువు తప్పితే లేని ప్రవాహాలు పుడతాయి, కలవకూడని నీళ్ళు కలుస్తాయి. మేము నిజంగా కొలిచిన ఉప్పు ఆ ఊహ స్థానంలోకి వచ్చాక హిందూ మహాసముద్రం లెక్కల్లో తప్పు తగ్గింది. నేను పుట్టినందుకు ఇంతకన్నా ఏం కావాలి?

తుపాను వేళ ఈ ఉప్పు లెక్క విలువ ఇంకా తెలుస్తుంది. తుపాను గాలి సముద్రాన్ని చిలికి అడుగు చల్లనీటిని పైకి తెస్తుంది, ఆ చల్లదనం తుపానును కొంత అణచిపెడుతుంది. పైన మంచినీటి పొర గట్టిగా ఉంటే చిలుకుడు లోతుకు పోదు, కింద వెచ్చని నీరే ఉంటుంది, తుపానుకు మేత ఆగదు. 2021 మే 26న యాస్ తుపాను బాలాసోర్ దగ్గర తీరం దాటాక, దాని వానలకు జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ, ఖర్కాయి ప్రమాద స్థాయి దాటాయి. సముద్రం కంటికి కనబడని సిద్ధగోరావాళ్ళకు కూడా ఈ ఉప్పు లెక్కతో పని ఉంది.

నా మాట నమ్మేముందు పరీక్షిస్తారు, పరీక్షించాలి కూడా. ఏళ్ళు గడిచేకొద్దీ లోపల పాచి పట్టి, నీరు ఉన్నదానికన్నా తక్కువ ఉప్పగా కనిపిస్తుంది. అడుగునీటి ఉప్పు ఏళ్ళ తరబడి ఇంచుమించు మారదు గనుక, అక్కడి నా అంకెను ఓడలు కొలిచినదానితో పోల్చి సరిచేస్తారు.

ఇంకో చిక్కుంది. సముద్రం పైన తేలే జిడ్డు నాలోకి రాకూడదని, పైకి ఇంకా అయిదు మీటర్లుందనగా పంపు ఆపేస్తారు. ఈ ఖాతంలో ఆ అయిదు మీటర్లే కీలకం. 2009లో వెళ్ళిన స్మోస్, 2015లో వెళ్ళిన స్మాప్ ఉపగ్రహాలు పైపొర ఉప్పును చూస్తాయి గాని, తీరం దగ్గర వాటి చూపు మసకే. పైగా చాలా మోడల్స్‌లో నదుల నీటిని నెలవారీ సగటుగానే పోస్తారు. యాస్ నాటి సువర్ణరేఖ వరద ఆ సగటులో కనబడదు. నదీ కొలమానం దగ్గర ఆ రోజు రాసుకున్న అంకె ఆ రోజే మోడల్‌కు చేరాలి, అప్పుడు నేను కొలిచిన ఉప్పుతో దాన్ని సరిచూడొచ్చు.