ముందు కథ కానివ్వండి బాబూ!

ఈమధ్య మా తణుకు చుట్టుపక్కల పాటకి కరువొచ్చింది గానీ, పాట గురించిన కబుర్లకి మాత్రం ఏం కరువు లేదండి. పొద్దున్నే ఫోను తెరిస్తే చాలు, పోస్టర్లే పోస్టర్లు. ఫలానా ఊళ్ళో జానపద సంబరం, ఫలానా గుడి దగ్గర కోలాటం, ఫలానా కల్యాణ మండపంలో కళాకారులకి సన్మానం. పోస్టరు నిండా పెద్దమనుషుల ముఖాలు. అడుగున ఎక్కడో, చత్వారం అద్దాలు పెట్టుకున్నా ఆననంత అక్షరాల్లో పాడేవాడి పేరు. కొన్నిట్లో అదీ ఉండదు. ఉత్త "బృందం" అని ఉంటుంది. ఎవరి బృందమో ఆ దేవుడికెరుక.

మా రోజుల్లో కబురు డప్పు మీద వచ్చేది. చాటింపు వేసేవాడు వీధి మొగలో ఆగి, రేపు రాత్రి రామాలయం దగ్గర బుర్రకథ అని గొంతెత్తి చెప్పి సాగిపోయేవాడు. కాస్త పెద్ద ఆటయితే రిక్షాకి మైకు కట్టి, రంగు కాగితాలు విసురుకుంటూ పోయేవారు. ముఖ్య అతిథి ఎవరన్నది ఏ చాటింపులోనూ లేదు. కథ బొబ్బిలి యుద్ధమా, పల్నాటి యుద్ధమా, అల్లూరి సీతారామరాజా? చెప్పేదెవరు? ఈ రెండూ తెలిస్తే చాలు, ఆ సాయంత్రం ఊళ్ళో పొయ్యిలన్నీ పెందలాడే ఆరిపోయేవి. చాప చంకన పెట్టుకుని, చంటిపిల్లని భుజాన వేసుకుని జనం కదిలేవారు. తెల్లవారుజామున మంగళం పాడేదాకా లేచేవారు కాదు.

బుర్రకథ అంటే యూట్యూబులో రెండు నిమిషాల ముక్క అనుకునే కుర్రాళ్ళకోసం కొంచెం వివరంగా చెబుతాను. మధ్యలో కథకుడు. భుజాన తంబురా, వేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలు, తలపాగా మీద తురాయి. అటొకరూ ఇటొకరూ గుమ్మెటలు పట్టుకుని వంతలు. ఒకాయన హాస్యం, రెండో ఆయన రాజకీయం. అసలు మజా ఈ రెండో ఆయనది. కథ పల్నాట్లో మంచి పట్టు మీదుండగా మధ్యలో అడ్డుపడి, బ్రహ్మనాయుడి సంగతి తర్వాత చూద్దాం, మన శివారు చేలకి నీళ్ళు ఎప్పుడందుతాయో అది చెప్పవయ్యా అనేవాడు. ధాన్యం రేటు, కంట్రోలు బియ్యం, లంచాల గొడవ, అన్నీ ఆ గుమ్మెట మీదే తేలేవి. ముందు వరసలో కుర్చీ వేయించుకున్న పెద్దాయన ముఖం మాడిపోతే, వెనక చాపల మీద జనం ఈలలు వేసేవారు. పేపరు చదవగలిగినవాళ్ళు ఊరికి నలుగురైదుగురున్న రోజులవి. లోకం సంగతి మిగతావాళ్ళకి అందిందే అలాగ.

ఇదంతా ముసలాయన చాదస్తం అనుకోకండి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ సంగతి చూడండి. ప్రజానాట్యమండలి దళంతో ఊరూరా తిరిగారు. 1943లో బెంగాల్లో జనం ఆకలికి లక్షల్లో పోతుంటే, ఆ కరువునే కథగా కట్టి మన పల్లెల్లో చెప్పారు. ఎక్కడి బెంగాలు, ఎక్కడి మన గట్లు! అయినా విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అటు నిజాం సర్కారూ ఇటు మద్రాసు సర్కారూ బుర్రకథని నిషేధించాయంటే, తంబురా పట్టుకున్న మనిషి ఎంత పని చేశాడో మీరే లెక్కేసుకోండి. ఆ నాజర్‌కే 1986లో పద్మశ్రీ వచ్చింది.

మరి ఇప్పుడో? నిన్నగాక మొన్న ఒక సభకి వెళ్ళాను. ఏ సభ అని అడక్కండి, ఊళ్ళో ఉండాల్సినవాణ్ణి. జ్యోతి వెలిగించడం అరగంట, వేదిక మీదికి పిలుపులు అరగంట, ఉపన్యాసాలు గంటన్నర. బుర్రకథకి మిగిలింది ఇరవై నిమిషాలు. పాపం, రాజకీయం వంత లేచాడు. ఇప్పుడు అంటిస్తాడు చూడు అని నేను సర్దుకుని కూర్చున్నాను. ఆయన ముందు వరసలోని ప్రతి ఒక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పి గుమ్మెట దించేశాడు. ఆయన్నని ఏం లాభం? రావాల్సిన పారితోషికం ఆ ముందు వరసవాళ్ళ చేతిలోనే ఉంది. అప్పట్లో పాట ఊరికి వార్త మోసుకొచ్చేది. ఇప్పుడు పాట పాడారన్న వార్త మర్నాడు పేపర్లో వస్తుంది, ఫొటోలో పాడినవాడు ఉండడు.

ఇంకో సంగతి. చాలా పాటలకి అప్పట్లో తేదీ ప్రకటించే పనే లేదు. గోదావరి కాలవలకి నీళ్ళొదిలారంటే ఊడుపు పాట వస్తోందని అర్థం. చేలు పండితే కోత పాట. కాలవ గట్టు మీద తాడు భుజాన వేసుకుని పడవ లాగేవాళ్ళకి ఒక పాట, కొల్లేట్లో తాటిదోనె మీద వల వేసేవాడికి ఒక పాట. ఇప్పుడు నాట్లకి యంత్రం, కోతకి యంత్రం. కొల్లేరంతా చేపల చెరువులు తవ్వేశారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో గట్లు పగలగొట్టారు, ఆ గొడవ ఇంకా నలుగుతూనే ఉంది. దోనె నడిపేవాడికి పాట కావాలి గానీ ఏరియేటరు మోటారుకెందుకండీ! అదృష్టంకొద్దీ కొందరు ముందుచూపున్నవాళ్ళు ఆ పాటల్ని కాగితం మీదికెక్కించారు. నేదునూరి గంగాధరం గోదావరి పల్లెలన్నీ తిరిగి ఏరుకొచ్చి "మిన్నేరు" లాంటి పుస్తకాలు వేశారు. వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్ళు జానపదాన్ని కచేరీ వేదికలెక్కించారు. 1948లో బెజవాడ రేడియో వచ్చాక, పొలంనుంచి వచ్చినాయన కాళ్ళు కడుక్కుని, ఆ పాటే రేడియోలో విని మురిసిపోయేవాడు.

సంక్రాంతి సంగతి సరే సరి. హరిదాసు తల మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, నోటినిండా కీర్తనతో మంచులో నడిచొచ్చేవాడు. ఇప్పుడు స్కూటరు మీదొస్తున్నాడు, కీర్తన స్పీకరు పాడుతుంది. గంగిరెద్దు కొమ్ములకి ఫోన్‌పే స్కానరు వేలాడుతోంది. చిల్లర లేదు నాయనా అని తప్పించుకునే మహాతల్లుల ఆట కట్టయింది కాబట్టి, దానికి మాత్రం నేను అడ్డు చెప్పను.

జాతర్లలో అయితే గరగలవాళ్ళూ, తాషాలవాళ్ళూ, పులివేషాలవాళ్ళూ ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడుంటే, లారీ నిండా డీజే పెట్టెలు గుండెలదరగొడుతున్నాయి. ఇంట్లో స్టీలు గిన్నెలు వాటంతటవే కోలాటం ఆడుతున్నాయి.

అలాగని ఆ రోజులన్నీ బంగారమే అనను. రాత్రంతా డప్పు కొట్టినవాణ్ణి ఊరి పెద్దలు పొద్దున్నే అరుగు కింద నిలబెట్టి అన్నం పెట్టిన రోజులవి. ఆడపిల్ల వేదికెక్కుతానంటే ఇంట్లో తలుపులు మూసేసేవారు. ఇప్పుడు వీధికో ఆడవాళ్ళ కోలాట దళముంది, ఒకే రంగు చీరలు కట్టి ద్వారకా తిరుమలకీ పెద్ద తిరుపతికీ కూడా వెళ్ళొస్తున్నారు. గోదావరి దాటితే కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. అక్కడ నేర్చుకున్న ఉమామహేశ్వరి సంస్కృతంలో హరికథ చెప్పి 2024లో పద్మశ్రీ అందుకున్నారు. కాబట్టి గొంతులు లేవన్న మాట నేను ఒప్పుకోను. చాప పట్టుకొచ్చి రాత్రంతా కూర్చునే జనమే లేరు. ఆ జనాన్ని చెడగొట్టింది ఇరవై నిమిషాల అలవాటే.

సరే, ఏటా వచ్చే పండగల, జాతర్ల మాట. ధనుర్మాసం, ఆ వెనకే సంక్రాంతి. భీమవరం మావుళ్ళమ్మ ఉత్సవాలు. శివరాత్రికి పాలకొల్లు క్షీరారామం. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. వైశాఖంలో ద్వారకా తిరుమల కల్యాణం. వీటికి తేదీలు పంచాంగమే చెబుతుంది, పోస్టరు వేసి చెప్పక్కర్లేదు. పోస్టరు వేసేవాళ్ళకి మాత్రం నావో నాలుగు మనవులు. పాడేవాడి పేరు పెద్దక్షరాల్లో వేయండి. డీజే డబ్బులో సగంతో ఒక్క దళాన్ని ఒక్క రాత్రి పూర్తిగా పిలవండి. వాళ్ళ డబ్బు వాళ్ళు గజ్జె కట్టకముందే చేతిలో పెట్టండి, అప్పుడుగానీ రాజకీయం వంతకి నోరు పెగలదు. ఇక సన్మానాలంటారా, తప్పకుండా చేయండి. తెల్లవారి మంగళం పాడాక, అప్పటికి పందిట్లో మిగిలున్న పెద్దమనుషులకి శాలువాలు కప్పండి. శాలువాల ఖర్చు కూడా బాగా కలిసొస్తుంది.