504 నంబరు కాయితం గురించి అమ్మకు

ఎడిసన్, న్యూజెర్సీ

అమ్మా, "చిన్నోడికి తిక్క అని బళ్ళో కాయితం రాసిచ్చినారంట గదా, మాత్రలు మింగిస్తారంట గదా, ఆ దేశంలో అడిగే పెద్దోళ్ళే లేరా?" అని నువ్వడిగావు. ఫోనులో చెప్పబోతే సగంలో కమలత్త లాక్కుంటుంది, మిగతా సగాన్ని నాయన "అంతా మంచికేలే" అని ముగించేస్తాడు. అందుకే రాస్తున్నాను. నీ మిగతా ప్రశ్నలకు ముందే జవాబులు: మంచు కరిగింది. తినేది సోనామసూరే. బంగారం ఇప్పుడు కొనకు. తిరుమణి పొలానికి వచ్చిన సోలారు కౌలు డబ్బు బ్యాంకులోనే ఉండనీ, మామకు అప్పివ్వకు. గ్రీన్‌కార్డు సంగతి శనిమహాత్ముడికే తెలియాలి.

ఇక కాయితం. దాని పేరు 504 ప్లాన్. అది మందుల చీటీ కాదు, తిక్క సర్టిఫికెట్టు అంతకన్నా కాదు. 1973లో ఇక్కడ చేసిన పునరావాస చట్టంలో 504వ సెక్షన్ అని ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ సంస్థా వైకల్యం ఉందని మనిషిని పక్కన పెట్టకూడదని దాని సారాంశం. చట్టమైతే చేశారు గానీ, నిబంధనల మీద సంతకం పెట్టకుండా దాదాపు నాలుగేళ్ళు నాన్చారు. 1977 ఏప్రిల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వందమందికి పైగా వికలాంగులూ వాళ్ళ తోటివాళ్ళూ సర్కారు ఆఫీసులో మూడు వారాలు దాటి బైఠాయించాక గానీ ఆ ఫైలు కదల్లేదు. ఫైలు కదలాలంటే మనం కదలకుండా కూర్చోవాలన్నది మన పావగడ తాలూకాఫీసు ఒక్కదాని రివాజే కాదని నాయనతో చెప్పు. ఈ 504కు ఐఈపీ (ఒక్కో పిల్లోడికి విడిగా రాసే చదువు ప్రణాళిక) అని ఒక పెద్దన్న ఉన్నాడు. ఆయన 1975 నాటి ఇంకో చట్టం కిందికొస్తాడు. ఆయన దగ్గర 13 రకాల వైకల్యాల లెక్క ఉంది. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురులేకపోవడం) ఉన్న మన చిన్నోడిలాంటి పిల్లలను అందులో "ఇతర ఆరోగ్య సమస్యలు" కింద వేస్తారు. పాఠం చెప్పే తీరే మార్చాల్సి వస్తే ఐఈపీ. పాఠం అదే ఉండి, కూర్చునే చోటూ ఇచ్చే సమయమూ మారితే చాలనుకుంటే 504. చిన్నోడిది ఈ రెండోది. ఇంతవరకు అర్థమైతే ఇక్కడి తల్లిదండ్రుల్లో సగంమంది కన్నా నీకే ఎక్కువ తెలిసినట్టు.

ఈ కాయితానికి ముందు డాక్టరు దగ్గర ఇంకో కాయితం ఉంటుంది, వాండర్‌బిల్ట్ ఫారం. తల్లిదండ్రులకు 55 ప్రశ్నలు, టీచరుకు 43. ఎదురుగా చెప్పినా విననట్టే ఉంటాడా, వస్తువులు పారేసుకుంటాడా, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తాడా అని అడిగి, ఒక్కోదానికీ నాలుగు గడులు ఇస్తారు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచు, చాలా తరచు. అవి చదువుతుంటే మన బంధువుల్లో చాలామంది వరసగా కళ్ళముందుకొస్తారు, పేర్లు రాయను. ఈ గుణం చాలావరకు వంశంలోంచే వస్తుందని కవల పిల్లల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. నీ వైపా నాయన వైపా అన్న పంచాయితీ ఉగాదికి వచ్చినప్పుడు పెట్టుకుందాం. గడులు నిండినంత మాత్రాన పేరు పెట్టెయ్యరు. లక్షణాలు 12 ఏళ్ళలోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలు సాగాలి, ఇంట్లోనూ బళ్ళోనూ రెండు చోట్లా కనబడాలి, చదువుకో స్నేహాలకో అడ్డం పడాలి. ఒక్క అయివారికి విసుగు పుడితే చాలదు.

అన్నీ అయ్యాక ఆ మహా కాయితంలో ఏముంటుందంటే: ముందు బెంచీలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టాలి. మూడు పనులు ఒకేసారి చెప్పకుండా ఒకటి అయ్యాక ఒకటి చెప్పాలి. పరీక్షకు ఒకటిన్నర రెట్లు సమయమివ్వాలి. మధ్యలో లేచి నాలుగడుగులు వేసి రానివ్వాలి. పుస్తకాలు రెండో జత ఇంట్లో ఉండాలి. గుండె దడదడలాడినప్పుడు నోరు తెరిచి చెప్పే పనిలేకుండా ఒక కార్డు చూపించి కౌన్సెలర్ దగ్గరికి పోవచ్చు. అంతే! దీనికి టీచర్లూ కౌన్సెలరూ తల్లిదండ్రులూ బల్ల చుట్టూ కూర్చోవాలి, ఉండుండి మళ్ళీ కూర్చుని సమీక్షించాలి. ఏలినాటి శనికైనా ఏడున్నరేళ్ళకు విడుదలుంది, ఈ సమీక్షలు 12వ తరగతి దాకా ఉంటాయి.

ఇంత హంగామా ఎందుకు, రెండు తగిలిస్తే సరిపోదా అని మామ అంటున్నాడని రాశావు. మామ మాటలో ఒక లెక్క ఉంది: పిల్లోడికి తెలియదు, తెలిసేట్టు చెయ్యాలి అని. తప్పంతా ఆ లెక్కలోనే ఉంది. బూట్లు వేసుకోవాలని ఏ పిల్లోడికి తెలియదు? అడిగితే అప్పజెబుతాడు. తెలిసింది ఆ నిమిషానికి చేతికి రాకపోవడమే ఈ జబ్బు. మన చెనక్కాయ చేన్లో బోరు నిండా నీళ్ళున్నా మొక్క మొదట్లోకి పారకపోతే పైరు ఎండిపోతుంది. తిట్టడమంటే ఆ బోరులోనే ఇంకో రెండు బిందెలు పొయ్యడం. కావలసింది మొక్క దగ్గరికి డ్రిప్పు పైపు. రసెల్ బార్‌క్లీ అనే మనస్తత్వవేత్త చాలా ఏళ్ళుగా చెబుతున్నది ఇదే: సాయం పని జరిగే చోట, జరిగే క్షణంలో ఉండాలి. సాయంత్రం పెట్టే గంట ఉపన్యాసం కన్నా, పొద్దున గడప పక్కన పిల్లోడి కంటికి అందే ఎత్తులో అంటించిన ఐదు బొమ్మలు (పళ్ళపొడి, చొక్కా, నాస్టా, బూట్లు, సంచి) ఎక్కువ పనిచేస్తాయి. ఒక్కోటీ అయ్యాక క్లిప్పు కిందికి జరుపుతాడు. మెచ్చుకోలు అప్పటికప్పుడే, నెలాఖరున కాదు. కోపం ముంచుకొచ్చినప్పుడూ ఇదే సూత్రం. అరుస్తున్న పిల్లోడికి నీతి ఎక్కదు. ముందు గొంతు తగ్గించాలి, చుట్టూ చప్పుడు తగ్గించాలి, నీతి తర్వాత.

"మన కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" అంటావు. ఉన్నాయమ్మా. పేరు లేదంతే. ప్రపంచమంతటా చూస్తే నూటికి సుమారు ఐదుగురు పిల్లలకు ఇది ఉంటుందని అంచనా. పావగడ ఒక్కటీ దానికి మినహాయింపు ఎట్లా అవుతుంది? అలాంటి పిల్లలను మనం మొండోడు, సోంబేరి, తిక్కోడు అన్నాం. గోడకుర్చీ వేయించాం. ఎస్సెస్సెల్సీ తప్పగానే గొర్రెల వెంటో బోరు లారీ మీదో పంపించేశాం. పైకొచ్చిన ఒకరిద్దరిని చూపించి "దెబ్బలు తినే బాగుపడ్డాడు" అంటాం. రాలిపోయినవాళ్ళను లెక్క పెట్టినవాడు లేడు. అల్లరి చెయ్యకుండా మూల కూర్చుని కలలు కనే ఆడపిల్లలైతే ఆ తిట్లకు కూడా నోచుకోలేదు, చదువు అబ్బలేదని పెళ్ళి చేసేశారు. పేరు పెట్టడానికి భయపడుతున్నావు గానీ, పేర్లు మనం ఎప్పుడో పెట్టేశాం. సాయం చెయ్యడానికి పనికొచ్చే పేరు పెట్టలేదు, అంతే.

అట్లాగని ఇక్కడివాళ్ళు చేసేదంతా వేదమని నేననను. 2022 సర్వే ప్రకారం ఇక్కడ నూటికి 11 మంది పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పేరు పడింది. ప్రపంచ అంచనాకు ఇది రెండింతలు. 2018లో వచ్చిన ఒక అధ్యయనం సెప్టెంబరు 1 గడువుతో బళ్ళో చేర్చుకునే రాష్ట్రాలను చూసింది. తరగతిలో అందరికన్నా చిన్నవాళ్ళయిన ఆగస్టు పిల్లలకు, అందరికన్నా పెద్దవాళ్ళయిన సెప్టెంబరు పిల్లలకన్నా 34 శాతం ఎక్కువగా ఏడీహెచ్‌డీ అని తేల్చారట. వయసు చిన్నదైతే జబ్బనుకున్నారన్నమాట! మన అయివార్లు బళ్ళో చేరిన ప్రతి పిల్లోడికీ జూన్ 1 అని పుట్టినరోజు వేసి ఈ చిక్కు మూలానే తుంచేశారు. ఇట్లా పొరబడకూడదనే డాక్టరు ఫారంలో అన్ని ప్రశ్నలు, రెండు చోట్ల నిబంధన. తొందరపడటం తప్పు అని తెలిసే కాయితాలు పెరిగాయి.

మాత్రల సంగతి. ఈ జబ్బుకు వాడే రిటలిన్ మందును 1944లో తయారుచేసిన పానిజోన్ అనే ఆయన దానికి తన భార్య పేరు పెట్టాడు. అది చాలు నమ్మడానికి అనను, ఆధారాలే చూద్దాం. 1999లో వెలువడిన పెద్ద పరీక్షలో 579 మంది పిల్లలను 14 నెలలు చూశారు. కుదురులేనితనానికి, ధ్యాస నిలవకపోవడానికి, జాగ్రత్తగా సరిచూస్తూ ఇచ్చిన మందే ఒక్క ప్రవర్తన శిక్షణ కన్నా బాగా పనిచేసింది. మూడేళ్ళ నాటికి గుంపుల మధ్య ఆ తేడా చెరిగిపోయింది. అంటే మందు పనిచేస్తుంది, కానీ ఒకసారి మింగించి చేతులు దులుపుకునేది కాదు. ఆకలి తగ్గుతుంది, నిద్ర చెడొచ్చు, ఎత్తూ బరువూ చూస్తుండాలి. ఆరేళ్ళలోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇవ్వాలని 2019 నాటి ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. కాబట్టి "మాత్ర విషం" అన్నా తప్పే, "మాత్ర ఉందిగా" అన్నా తప్పే.

ఇంత వెసులుబాటిస్తే చెడిపోడా అన్నది నాయన ప్రశ్న. ఇందులో కొంత నిజముంది. ధ్యాస నిలవని పిల్లోడికి దారి సర్దిపెట్టడం సాయమే. భయపడే పిల్లోడికి మాత్రం దారే మూసెయ్యడం కీడు. బడంటే వణికేవాణ్ణి ఇంట్లో ఉంచేస్తే ఆ పూటకు ఊరట, మర్నాటికి భయం రెట్టింపు. అక్కడ పని మెట్లు కట్టడం: ఇవాళ గేటు దాకా, రేపు తరగతి దాకా, ఎల్లుండి ఒక పీరియడ్. ఇట్లాంటి భయాలున్న 488 మంది పిల్లలతో జరిగి 2008లో వెలువడిన పరీక్షలో ఇలాంటి మాటల చికిత్సతో నూటికి 60 మంది, భయానికిచ్చే వేరే మందు కూడా కలిపితే 81 మంది బాగా మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్రతో 24 మందే. ముద్దు చెయ్యడానికీ మెట్టు కట్టడానికీ తేడా అదే.

కమలత్త మనవడూ ఇట్లాగే ఉన్నాడని రాశావు గనక చెబుతున్నా. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉంది గానీ ఏడీహెచ్‌డీ పేరు లేదు. 504 కాయితం అడగడానికి వీల్లేదు. అయినా ముందు బెంచీకి చట్టం అక్కర్లేదు, అయివారు ఒప్పుకుంటే చాలు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు, ఖర్చు లేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లలకు వేరే విభాగమే ఉంది. శనివారం గుడికి పోవద్దనను, నల్లనువ్వుల దీపం పెట్టు, నీ మనసు కుదుటపడుతుంది. సోమవారం మాత్రం నిమ్హాన్స్ బస్సెక్కమని అత్తతో చెప్పు.

ఇక నీకొక్క పని. వీడియోలో చిన్నోడు కనబడగానే "తిన్నావా, చిక్కిపోయావేం, బాగా చదువుతున్నావా, అల్లరి తగ్గిందా, తాతతో మాట్లాడవా" అని ఒక్క ఊపిరిలో అడగొద్దు. ఒక్కటే అడుగు, జవాబు వచ్చేదాకా ఆగు. నాయనకూ ఇదే వర్తిస్తుంది.

ఇట్లు,
నీ కొడుకు
నాగరాజు