నోరెత్తే వీల్లేని పంతుళ్లు

పంతులుగిరికి నోరే పెట్టుబడి అని లోకం నమ్ముతుంది కాని, ఆ నోటికి రబ్బరు గొట్టం బిగించి, పెదవి సడలితే ఉప్పునీళ్లు మింగవలసిన స్థితిలో నిలబెట్టి, ఎనిమిదిమందికి ప్రాణం కాపాడుకునే విద్య చెప్పమనే వృత్తి కూడా ఒకటుంది. దాని పేరు స్కూబా డైవింగ్ శిక్షణ. అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని, ఆ గాలిని రెగ్యులేటరు అనే పరికరంతో పీలుస్తూ సముద్రం అడుగున తిరగడం నేర్పే పని. పీల్చినప్పుడు మాత్రమే, అదీ చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడే గాలిని వదిలే రెగ్యులేటరును 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ రూపొందించిన తరువాత సముద్రగర్భం సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. సామాన్యులు సముద్రగర్భానికి అందుబాటులోకి వచ్చిన నాటి నుంచి బోధకుల కష్టాలు మొదలయ్యాయి.

ఈ కష్టాలను దగ్గర నుంచి పరిశీలించదలచినవారికి థాయిలాండ్ సింధుశాఖలోని కో టావ్ అనే దీవి అనువైన చోటు. సుమారు 21 చదరపు కిలోమీటర్ల ఈ దీవికి 1940లలో ప్రభుత్వం రాజకీయ ఖైదీలను శిక్షగా పంపేది; ఇప్పుడు నానా దేశాల యువతీయువకులు సొంత ఖర్చుతో వచ్చి పడుతున్నారు, వారి పుణ్యాన అది ప్రపంచంలో డైవింగ్ ధ్రువపత్రాలు అత్యధికంగా జారీ అయ్యే చోట్లలో ఒకటైంది. వారిలో కొందరు వారం రోజుల సెలవు మీద వచ్చి, నీలిరంగుకు మనసిచ్చేసి, స్వదేశంలోని ఉద్యోగానికి రాజీనామా పంపి, బోధకులుగా అక్కడే స్థిరపడతారు. 1966లో అమెరికాలో పుట్టిన పాడీ అనే శిక్షణ సంస్థ నియమం ప్రకారం బోధకుడి పరీక్షకు కూర్చోవాలంటే కనీసం 100 డైవులు పూర్తిచేసి ఉండాలి. ఆ వంద డైవుల్లోనూ తాబేళ్లనూ పగడాలనూ చూసి మురిసిన మనిషికి బోధకుడైన మర్నాటి నుంచి విద్యార్థుల కాళ్లు తప్ప మరేమీ కనబడకపోవడం ఈ వృత్తి ప్రత్యేకత.

బోధనలో మొదటి సూత్రం ఊపిరి బిగబట్టరాదన్నది. పది మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలంలో ఉన్నదానికి రెట్టింపు అవుతుంది కనుక, అక్కడ నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే, ఒత్తిడి తగ్గేకొద్దీ వాయువు వ్యాకోచిస్తుందని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రాన్ని ఊపిరితిత్తులే ప్రయోగశాలగా రుజువు చేసినట్లవుతుంది. రెండవది ఈక్వలైజ్ చేయడం, అంటే లోతుకు వెళ్లేటప్పుడు కర్ణభేరి నొప్పి పుట్టకుండా ముక్కు మూసి మెల్లగా ఊది చెవి లోపలి ఒత్తిడిని సరిచేసుకోవడం. గోదావరి పుష్కరాల్లో ముక్కు పట్టుకుని మూడు మునకలు వేసి వచ్చిన తెలుగు విద్యార్థికి రెండవ పాఠంలోని భంగిమ పుట్టుకతో వచ్చిన విద్యే అయినా, ముక్కుతోపాటు ఊపిరినీ బిగబట్టే వంశాచారం మొదటి పాఠానికి అడ్డుపడుతుంది. పుణ్యం కోసం పట్టిన పట్టును ప్రాణం కోసం వదిలించడానికి బోధకుడికి ఒక పూట పడుతుంది.

అసలు చిక్కు సైగలతో వస్తుంది. నీటి కింద బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని అర్థం. బాగుందని చెప్పాలంటే బొటనవేలినీ చూపుడువేలినీ సున్నాలా కలపాలి. ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే డైవు ముగించమని కోరవచ్చునన్నది ఈ విద్యలో తిరుగులేని హక్కు. తాబేలును చూసిన ఆనందంలో ఒక విద్యార్థి బొటనవేలెత్తడం, బోధకుడు ఆ సైగనే తిరిగి చూపి నిజంగానా అని అడగడం, తన ఆనందంలో గురువు కూడా పాలుపంచుకుంటున్నాడనుకున్న శిష్యుడు రెండు బొటనవేళ్లూ ఎత్తడం, సగం గాలి మిగిలిన సిలిండర్లతో అందరూ పైకి తేలడం ఈ విధంగానే జరుగుతుంది. భారతదేశం నుంచి వెళ్లినవారి విషయంలో మరొక జటిలత ఉంది: అవునుకూ కాదుకూ నడుమ ఎక్కడో తలను ఊపే మన అలవాటుకు డైవింగ్ పాఠ్యగ్రంథాల్లో చోటు లేదు కనుక, గాలి ఎంత ఉందన్న ప్రశ్నకు అటువంటి జవాబు వస్తే విదేశీ బోధకుడు స్వయంగా వచ్చి మీటరు చూసుకోవలసిందే. శబ్దం చేసి పిలుద్దామా అంటే, నీటిలో ధ్వని గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంతో ప్రయాణించడం వల్ల అది ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెవులు పోల్చుకోలేవు. బోధకుడు సిలిండరు మీద లోహపు కడ్డీతో మోగిస్తే, ఎనిమిదిమంది శిష్యులూ అష్టదిక్కులకూ చూస్తారు.

కంటి సంగతీ నమ్మదగినది కాదు. నీటి నుంచి ముసుగులోని గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగడం వల్ల వస్తువులు మూడోవంతు పెద్దగా కనిపిస్తాయి. సాయంత్రం ఒడ్డున చేపలు అంతకు మించి పెరిగితే ఆ పైవంతుకు కాంతిశాస్త్రం బాధ్యత వహించదు. కో టావ్ బోధకులు సొరచేప కన్నా ఎక్కువగా జడిసేది టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్ అనే, మూరెడు పైచిలుకు పొడవు, గట్టి పళ్లూ గల చేపకు. గుడ్లు పెట్టిన కాలంలో అది తన గూటి నుంచి పైకి గరాటులా విస్తరించే మేరనంతా సొంత ఇలాకాగా భావిస్తుంది కాబట్టి, భయంతో పైకి పారిపోయేవాడు దాని పొలిమేరలోనే ఉంటాడు, పక్కకు జరిగేవాడు బయటపడతాడు. ఈ రేఖాగణితాన్ని చేప వెంటపడుతున్న సమయంలో చేతివేళ్లతో బోధించడం అసాధ్యం గనుక, బోధకుడు తన కాలి రెక్కలను చేప నోటికి అప్పగించి శిష్యులను పక్కకు తోలుతాడు.

నీటి పైన గడిచే జీవితం గురించి కరపత్రాలు మౌనం వహిస్తాయి. నిండు సిలిండరు ఒక్కొక్కటి సుమారు 17 కిలోలు. వాటిని పడవలోకి చేర్చడం, దించడం, ఇతరులు లోపలే మూత్రం పోసిన రబ్బరు సూట్లను మంచినీళ్లలో జాడించడం ఉద్యోగంలో పెద్ద భాగం. వీసా గడువు తీరి విమానమెక్కవలసి వచ్చినా వెంటనే ఎక్కడానికి లేదు. వరుస డైవుల వల్ల ఒంట్లో కరిగిన నైట్రోజన్ తక్కువ పీడనంలో బుడగలు కట్టకుండా కనీసం 18 గంటలు ఆగాలని సిఫారసు ఉంది, ఆ వాయువు ఇమ్మిగ్రేషన్ అధికారి ముద్రను లెక్కచేయదు. నవంబరు ప్రాంతంలో సింధుశాఖ అల్లకల్లోలమైతే బోధకులు మూటాముల్లే సర్దుకుని అండమాన్ సముద్రం వైపు ఉన్న సిమిలాన్ దీవులకో, మాల్దీవులకో వలసపోతారు. జీతం చాలాచోట్ల విద్యార్థికి ఇంతని లెక్క కట్టి ఇస్తారు. అందువల్ల సముద్రంలో దిగడానికి డబ్బు కట్టిన పెద్దమనిషి ఆకాశం మబ్బు పట్టడం చూసి, తడిసిపోతామేమోనని పాఠాన్ని రేపటికి వాయిదా వేస్తే, ఆ పూట బోధకుడికి రాబడి ఉండదు.