‘కొత్త డిస్కు దెచ్చి’: టీకా తాత్పర్య విశేషాలు

అవతారిక: సీ డ్రైవు గీత ఎర్రబడిందని ఒక గృహస్థుడు కొత్త డిస్కు కొని బిగించాడు. కంప్యూటరు తెరిస్తే గీత ఇంకా ఎర్రగానే ఉంది. అతడు ఖిన్నుడై అడుగగా, సర్వర్లు కాచే ఒకానొక అజ్ఞాతకవి ఇట్లు వచించుచున్నాడు.

ఆ. కొత్త డిస్కు దెచ్చి గూటిలో బిగియింప
సీకి చోటు హెచ్చు చిహ్న మేది?
అడ్డు కూరుచుండె నచట రికవరీయె
ఎల్వియెమ్మె దారి యెఱుగు మన్న!

ప్రతిపదార్థం: అన్న = ఓ అన్నా!; కొత్త డిస్కున్ = నూతనమైన నిల్వసాధనమును; తెచ్చి = డబ్బు పోసి తెచ్చి; గూటిలోన్ = క్యాబినెట్టు లోపల; బిగియింపన్ = స్క్రూలు తిప్పినంత మాత్రాన; సీకిన్ = సీ అను ప్రధాన విభాగమునకు; చోటు = ఖాళీ; హెచ్చు చిహ్నము = పెరిగే గుర్తు; ఏది = ఎక్కడున్నది (లేదని భావం); అచటన్ = సీకి ఆనుకొన్న చోట; రికవరీయె = విండోస్ చెడినప్పుడు బాగుచేసే సరంజామా గల చిన్న విభాగమే; అడ్డు కూరుచుండెన్ = కదలక కూర్చున్నది; ఎల్వియెమ్మె = లాజికల్ వాల్యూమ్ మేనేజరే; దారి = ఉపాయమని; ఎఱుగుము = తెలుసుకొనుము.

తాత్పర్యం: అన్నా! డిస్కు కొన్నంత మాత్రాన సీ పెరగదు. దానికి కావలసింది ఆనుకొని ఉన్న ఖాళీ. ఆ నియమం లేని చోటు లినక్సులోని ఎల్వీఎం.

విశేషాలు: ‘సీకి’ అనడంలో చరిత్ర ఉంది. ఏ, బీ అక్షరాలు ఫ్లాపీలకు దత్తమైపోగా హార్డ్ డిస్కుకు సీ దక్కింది. 1983 నాటి ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో ఆ డిస్కు మొత్తం 10 మెగాబైట్లే.

శంక: కొత్త డిస్కు వేరు, సీ ఉన్న డిస్కు వేరు. మధ్యలో రికవరీ అడ్డేమిటి? సమాధానం: ‘పాత డిస్కును కొత్త పెద్ద డిస్కులోకి క్లోన్ చేయగా’ అని అధ్యాహారం చేసుకోవాలి. విడిగా బిగిస్తే అది డీ వంటి వేరే డ్రైవు అవుతుంది తప్ప సీలో కలవదు. క్లోన్ చేస్తే ముందు సీ, వెనుక రికవరీ, మిగిలిన ఖాళీ అంతా చివర. సీ తన కుడిపక్కనే ఆనుకొన్న ఖాళీలోకే పెరగగలదు గనుక మెనూలో ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ బూడిదరంగులో నొక్కుడు పడక ఉంటుంది. రికవరీని డిస్క్‌పార్ట్‌తో తొలగించవచ్చు. తొలగించిన నాడే దాని అవసరం పడుతుందని అనుభవజ్ఞులు.

పూర్వపక్షం: డైనమిక్ డిస్కులుగా మార్చి రెంటినీ కలపవచ్చు కదా? అది చెల్లదు. విండోస్ తాను నిలిచి ఉన్న వాల్యూమును అలా రెండో డిస్కు మీదికి సాగదీయనివ్వదు.

సిద్ధాంతం: లినక్సులో పీవీక్రియేట్ డిస్కును ఎల్వీఎంకు అప్పగిస్తుంది, వీజీఎక్స్‌టెండ్ దాన్ని ఉమ్మడిలో చేరుస్తుంది, ఎల్వీఎక్స్‌టెండ్ ఆ ఉమ్మడి నుంచి రూట్ వాల్యూముకు చోటు ఇస్తుంది. చివరి ఆజ్ఞకు ఆర్ అనే అక్షరం తగిలిస్తే ఫైల్ సిస్టమ్ కూడా వెంట పెరుగుతుంది. వేర్వేరు సర్వే నంబర్ల చేలన్నీ ఒకే పాసుపుస్తకంలో ఉంటే రైతు ఎకరాలు కలిపి చెప్పుకున్నట్టు, మామూలుగా నాలుగేసి మెగాబైట్ల ముక్కలు ఏ డిస్కు మీదున్నా వాల్యూము ఒక్కటే. అయితే రూటును మొదట్లోనే ఎల్వీఎం మీద పెట్టి ఉండాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వాడేవారు మరీ చేయి జారనీయరాదు: పెంచిన దాన్ని మళ్లీ కుదించుకోవడం అందులో అయ్యే పని కాదు.

అలంకారం: జడమైన విభాగానికి కూర్చోవడం ఆరోపించినందున సమాసోక్తి. ‘ఎల్వీఎం’ కాస్తా ‘ఎల్వియెమ్మె’ కావడం గణాల కోసం కవి పడిన పాటు.

దోషవిచారం: పైన చెప్పిన పాసుపుస్తకం పోలిక ఒక్కచోట చెల్లదు. ఒక చేను వరదపాలైతే మిగతావి పండుతాయి. ఇక్కడ రెండు డిస్కుల మీద పరచిన ఫైల్ సిస్టమ్‌లో ఒక డిస్కు చచ్చిందా, రెండో దానిలోని ముక్కలు ఉండీ లేనట్టే. చోటు కలిసినప్పుడు ఆపద కూడా కలిసిందన్నమాట. కవి ఈ సంగతి దాటవేశాడు.

పాఠాంతరం: డిస్కు పోగొట్టుకున్నవారి ప్రతులన్నిటిలో నాలుగో పాదం ‘ముందు బ్యాకపుంచి ముట్టు మన్న’ అని ఉంది. యతి చెడలేదు, గణం తప్పలేదు. ఇదే గ్రాహ్యం.